పాఠకుల ప్రశ్నలు – జవాబులు: విలువల విద్య సదస్సులు

నైతిక విద్య, పౌర విద్య మీద జరిగే సదస్సుల గురించి విజయవాడ, గుంటూరు, చుట్టుపక్కల ఊళ్ల ఉపాధ్యాయులు, బీఈడీ కళాశాలల అధ్యాపకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాం.

ప్రశ్న: ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను. విజయవాడలో ఒక కళాశాల జరుపుతున్న సదస్సుకు ‘నేటి సమాజంలో నైతిక విలువల ఆవశ్యకత’ అని అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) పంపాను. ‘మరీ సాధారణంగా ఉంది’ అని తిప్పి పంపారు. ఏం మార్చాలి? – స్కూల్ అసిస్టెంట్, తెనాలి

జవాబు: చిక్కు మీ శీర్షికలోనే ఉంది. విలువలు అవసరమని ఆ సదస్సుకు వచ్చేవాళ్లంతా ముందే ఒప్పుకుంటారు. దానికోసం మళ్లీ పేపరు అక్కర్లేదు. సమీక్షకులు వెతికేది వేరే: మీ తరగతిలో మీరు ఏం చేశారు, ఎన్ని పీరియడ్లు చేశారు, పిల్లలు ఏమన్నారు, ఏం మారింది, ఏది మారలేదు. ఇవి మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా దొరకవు. విశ్వవిద్యాలయ ఆచార్యులకైనా రోజూ 40 మంది ఎనిమిదో తరగతి పిల్లలు ఎదురుగా కూర్చోరు. మీ బలం అదే. దాన్ని వదిలి సమాజం గురించి రాస్తే పేపరు తేలిపోతుంది.

శీర్షికను ఇలా మార్చి చూడండి: ‘తరగతి నియమాలను పిల్లలే చర్చించి రాసుకుంటే ఏం జరుగుతుంది: 8వ తరగతిలో ఆరు వారాల పరిశీలన’. ఇక అబ్‌స్ట్రాక్టుకు 250 మాటలనుకుంటే, వాటి పంపకం ఇదీ. బడి, తరగతి, పిల్లల సంఖ్య, మీకు ఎదురైన సమస్య 40 మాటల్లో చెప్పండి. తేల్చుకోదలచిన ప్రశ్న ఒక్కటే, 30 మాటల్లో. చేసిన పనికి 80 మాటలు, చూసినదానికి 80 మాటలు ఇవ్వండి. మిగిలిన 20 మాటల్లో మీ పరిశీలన హద్దులు ఒప్పుకోండి: ఒకే సెక్షన్, ఒకే టీచరు, ఆరు వారాలే. ఈ చివరి వాక్యం పెడితే పేపరు బలహీనంగా కనిపిస్తుందని చాలామంది తీసేస్తారు. సమీక్షకులకు నమ్మకం కలిగించేది సరిగ్గా ఆ వాక్యమే.

‘చూసింది’ అన్న భాగంలో ‘పిల్లల్లో చక్కటి మార్పు వచ్చింది’ అని రాయకండి. లెక్కపెట్టగలిగింది రాయండి. లైబ్రరీ పుస్తకాలు గడువులోగా ఎన్ని తిరిగి వచ్చాయి, చర్చలో ఎంతమంది నోరు విప్పారు, వాళ్లలో ఆడపిల్లలు ఎందరు, నియమం తప్పినవాళ్ల విషయం తరగతి తనంతట తాను ఎన్నిసార్లు పరిష్కరించుకుంది – ఇలాంటివి. వారానికి రెండుసార్లు ఒకే రోజు, ఒకే పీరియడ్‌లో నోటు పుస్తకంలో గుర్తించుకుంటే చాలు. పని మొదలుపెట్టకముందు కనీసం రెండు వారాలు ఇవే లెక్కలు తీసి ఉంచుకోవాలి. లేకపోతే తర్వాతి అంకెలను దేనితో పోల్చాలో తెలియదు.

ఇంకొక మాట. తెలుగులో రాసి ఇంగ్లీషులోకి మార్చి పంపేవాళ్లు తెలుగు ప్రతిని 170, 180 మాటల దగ్గరే ఆపాలి. మన విభక్తులు మాటకు అంటుకుని ఉంటాయి కాబట్టి ఇంగ్లీషులో లెక్క పెరిగిపోతుంది. ఆన్‌లైన్ ఫారం పరిమితి దాటిన భాగాన్ని కోసేస్తే, కొసన ఉన్న ఫలితాలే పోతాయి.

ప్రశ్న: నా డిసర్టేషన్ కోసం ‘అబద్ధం ఆడటం తప్పా?’, ‘పెద్దలను గౌరవించాలా?’ లాంటి 30 ప్రశ్నలు పిల్లలకు ఇచ్చాను. దాదాపు అందరూ ‘అవును’ అనే పెట్టారు. దీని మీద పేపరు రాయవచ్చా? – ఎం.ఎడ్. విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఈ అంకెలతో రాయలేరు. పిల్లలు తమ మనసులో మాట చెప్పలేదు, టీచరుకు నచ్చే జవాబు పెట్టారు. పైగా మొదటి పరీక్షలోనే అందరికీ పూర్తి మార్కులు వచ్చేస్తే, మీ బోధన తర్వాత పెరగడానికి చోటే ఉండదు. విలువల విద్య మీద వచ్చే పేపర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

అవును, కాదు కాకుండా ‘ఎందుకు?’ అని అడగండి. రెండు మంచి విషయాలు ఒకదానికొకటి అడ్డుపడే సందర్భం ఒకటి తయారుచేయండి. ఉదాహరణకు: స్లిప్ టెస్టులో ప్రాణస్నేహితుడు చూసి రాశాడు. వాళ్ల అమ్మకు ఒంట్లో బాగోక రాత్రంతా ఆస్పత్రిలో ఉన్నాడని నీకు తెలుసు. టీచరు నిన్నే పిలిచి అడిగారు. ఏం చెబుతావు, ఎందుకు? ఇందులో నిజాయితీ, స్నేహం, జాలి ఢీకొంటాయి. ‘సరైన’ జవాబు వెంటనే తట్టదు కాబట్టి పిల్లలు ఆలోచించి రాస్తారు.

45 నిమిషాల పీరియడ్‌లో సందర్భం చదవడానికి 5, ఎవరికి వాళ్లు రాసుకోవడానికి 5, ఐదుగురి గుంపుల్లో మాట్లాడుకోవడానికి 15, తరగతి మొత్తం చర్చకు 15, చివర మళ్లీ విడిగా రాయడానికి 5 నిమిషాలు పెట్టుకోండి. మొదటి కాగితం, చివరి కాగితం రెండూ మీ దత్తాంశమే. గుంపుల కంటే ముందు విడిగా రాయించడం తప్పనిసరి. లేకుంటే గట్టిగా మాట్లాడే ఇద్దరి అభిప్రాయం అందరి కాగితాల్లోకీ ఎక్కుతుంది. చర్చ సాగుతున్నంతసేపూ మీ అభిప్రాయం ముఖంలో కూడా కనిపించకూడదు. ఒక జవాబుకు ‘గుడ్’ అన్నారంటే ఆ రోజు చర్చ అక్కడితో అయిపోయినట్టే. తరగతిలో నిజంగా జరిగిన గొడవను మాత్రం ఎప్పుడూ సందర్భంగా తీసుకోకండి, ఒక బిడ్డ అందరి ముందూ ముద్దాయి అవుతాడు.

కారణాలను నాలుగైదు రకాలుగా విడదీయండి: దెబ్బలు తింటామన్న భయం, స్నేహితులు ఏమనుకుంటారోనన్న ఆలోచన, నియమం కాబట్టి, మిగతావాళ్లకు అన్యాయం కాబట్టి, ఎదుటివాడి కష్టం చూసి. ఈ విడదీత మీరొక్కరే చేస్తే కుదరదు. ఇంకొకరికి కూడా అవే కాగితాలు పేర్లు కనబడకుండా ఇవ్వండి. 40 కాగితాల్లో 34 చోట్ల ఇద్దరూ ఒకే రకం కింద పెడితే ఏకీభావం 85 శాతం. తేడా వచ్చిన ఆరింటినీ కూర్చుని మాట్లాడుకుని తేల్చండి, ఆ సంగతి పేపరులో రాయండి.

పిల్లల నైతిక ఆలోచన ఎదిగే తీరు మీద మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కోల్‌బర్గ్ చెప్పిన ఆరు దశలను ఉటంకించేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒకే జవాబు చూసి ‘ఈ పిల్ల మూడో దశలో ఉంది’ అని ముద్ర వేయకండి. ఆయన తొలి అధ్యయనం బాలుర మీద జరిగింది. ఆ లోపాన్ని, ఎదుటివారి పట్ల శ్రద్ధతో తీసుకునే నిర్ణయాలకు ఆ దశల్లో చోటు దక్కకపోవడాన్ని కెరోల్ గిల్లిగన్ 1982లో ఎత్తిచూపారు. కోల్‌బర్గ్ దశలు రాసి గిల్లిగన్ విమర్శ వదిలేస్తే, ప్రశ్నల సమయంలో తొలి ప్రశ్న దాని మీదే వస్తుంది.

ప్రశ్న: ‘అంతర్జాతీయ విలువల విద్య సదస్సు’ అంటూ మెయిల్ వచ్చింది. పేపరు పంపిన మర్నాడే ఆమోదం తెలిపారు. ఫీజు కడితే సర్టిఫికెట్, ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్న పత్రికలో ప్రచురణ ఖాయమట. నమ్మవచ్చా? – అధ్యాపకుడు, నరసరావుపేట

జవాబు: డబ్బు కట్టకండి, ముందు వాకబు చేయండి. ఒక పేపరును ఇద్దరు శ్రద్ధగా చదివి అభిప్రాయం రాయడానికి వారాలు పడుతుంది. ఒక్క రాత్రిలో ఆమోదం వచ్చిందంటే ఎవరూ చదవలేదన్న మాట.

ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టే సంఖ్య మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. పుస్తకాల ఐఎస్‌బీఎన్ కూడా అంతే. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. కాబట్టి ఆ సంఖ్య పేరు చెప్పి అదనపు రుసుము అడిగితే అక్కడే అనుమానించాలి. ‘యూజీసీ కేర్ జాబితాలో ఉన్న పత్రిక’ అని ఇంకా ప్రచారం చేసుకుంటున్నవాళ్లను కూడా నిలదీయండి. నమ్మదగ్గ పత్రికలను గుర్తించడానికి పెట్టిన ఆ జాబితాను యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది.

నిర్వాహక సంఘంలో పేర్లున్న ఇద్దరికి, వాళ్ల సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకే మెయిల్ పెట్టి అడగండి. తమ పేరు వాడుకున్న సంగతే తెలియనివాళ్లు తగలవచ్చు. నిరుటి సదస్సు కార్యక్రమ పట్టిక, పేపర్ల సంపుటి చూపమనండి. విద్య, ఇంజినీరింగ్, వైద్యం, వ్యవసాయం అన్నీ ఒకే హోటల్లో ఒకే రోజు జరుగుతున్నాయంటే అది పండితుల సభ కాదు, వ్యాపారం.

ప్రశ్న: మా బీఈడీ కళాశాలలో పౌర విద్య మీద రెండు రోజుల జాతీయ సదస్సు పెట్టాలనుకుంటున్నాం. 120 మంది ప్రతినిధులు వస్తారని అంచనా. ఎక్కడ మొదలుపెట్టాలి? – ప్రిన్సిపాల్, విజయవాడ

జవాబు: పేపర్ల లెక్కతో మొదలుపెట్టండి, మిగతావన్నీ దాన్నిబట్టి తేలతాయి. ఒక్కో పేపరుకు 15 నిమిషాల సమర్పణ, 5 నిమిషాల ప్రశ్నలు. గంటన్నర సెషన్‌లో నాలుగు పేపర్లకు 80 నిమిషాలు పోగా, మనుషులు మారడానికి 10 నిమిషాలు మిగులుతాయి. మొదటిరోజు ఉదయం ప్రారంభ సభ, కీలకోపన్యాసం. మధ్యాహ్నం రెండు సెషన్లు. రెండోరోజు ఉదయం ఇంకో రెండు, భోజనం తర్వాత వర్క్‌షాపు, ముగింపు. మీకు మూడు గదులుంటే నాలుగు సెషన్లలో పట్టేవి 48 పేపర్లు. ఆమోదించాల్సిందీ అంతే. 90 పేపర్లకు సరేనని, ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలిచ్చి, శీర్షిక చదవగానే గంట కొట్టడం దూరం నుంచి వచ్చిన ఉపాధ్యాయులను అవమానించడమే. మిగిలినవాటిలో బాగున్నవాటిని పోస్టర్లుగా పెట్టమనండి.

ఆరు నెలల ముందు తేదీలు, అంశం ఖాయం చేయాలి. అంశం ‘విలువలు – సమాజం’లా ఉండకూడదు. 2004లో వెస్ట్‌హైమర్, కానే అనే ఇద్దరు పరిశోధకులు పౌర విద్య తయారుచేయాలనుకునే పౌరులను మూడు రకాలుగా చెప్పారు: వ్యక్తిగా బాధ్యత తీర్చుకునేవారు, నలుగురితో కలిసి పనిచేసేవారు, మూల కారణాన్ని ప్రశ్నించేవారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పులిహోర పొట్లాలు ఇచ్చినవాళ్లు, పంపిణీని వీధివారీగా నడిపించినవాళ్లు, బుడమేరుకు ఆ గతి ఎందుకు పట్టిందని అడిగినవాళ్లు – ముగ్గురూ పౌరులే. మన బడులు వీళ్లలో ఎవరిని తయారుచేస్తున్నాయి? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ సదస్సు పెట్టినా రెండు రోజులు చాలవు.

నాలుగున్నర నెలల ముందు ప్రకటన, మూడు నెలల ముందు అబ్‌స్ట్రాక్టుల గడువు, ఆ తర్వాత మూడు వారాల్లో ఫలితం. ప్రతి అబ్‌స్ట్రాక్టునూ ఇద్దరు చదవాలి, పేరు కనబడకూడదు. తిరస్కరించినవాళ్లకు కారణం రెండు వాక్యాల్లోనైనా రాయండి.

తేదీల విషయంలో సంక్రాంతి సెలవులు, ఎస్‌ఏ పరీక్షలు, మే ఎండలు తప్పించండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల భయం ఉంటుంది కాబట్టి, ఆ నెలలే అయితే రైళ్లు ఆగినా ఆన్‌లైన్‌లో మాట్లాడే ఏర్పాటు ముందే చేసుకోండి. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం చుట్టూ పెట్టాలని అందరికీ ఆశే. ఆ వారం ప్రతి బడిలోనూ కార్యక్రమాలుంటాయి, ఉపాధ్యాయులను వదలరు.

ప్రారంభ సభే సమయాన్ని తినేస్తుంది. వేదిక మీద ఐదుగురికి మించి వద్దు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, ఇద్దరి ప్రసంగాలు గంటలో ముగియాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే కీలకోపన్యాసం ముందుకు జరపండి, అతిథి వచ్చాక ఆయన మాట వినవచ్చు. శాలువాలు, జ్ఞాపికలు ముగింపు సభకు మార్చండి. సమయపాలన గురించి పిల్లలకు చెప్పేవాళ్ల సభ గంటన్నర ఆలస్యంగా మొదలైతే, హాల్లో వాలంటీర్లుగా నిలబడ్డ బీఈడీ విద్యార్థులు నేర్చుకునేది ఆ ఆలస్యాన్నే.

తెలుగు పేపర్లకు తప్పకుండా చోటివ్వండి. మండలాల్లో మంచి పని చేస్తున్న ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఇంగ్లీషు భయంతోనే సదస్సుల గడప తొక్కడం లేదు. అయితే ఫైళ్లు యూనికోడ్‌లోనే పంపమని ప్రకటనలోనే రాయండి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంటులో కొట్టించిన ఫైలు మీ కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. స్లైడ్లు పీడీఎఫ్‌లో కూడా తీసుకుని ముందురోజు సాయంత్రమే ఆయా గదుల కంప్యూటర్లలో వేసి, తెరిచి చూడాలి.

రెండోరోజు భోజనం తర్వాత హాలు ఖాళీ కావడం అన్నిచోట్లా ఉన్నదే. సర్టిఫికెట్లు ముందే ఇచ్చేయడం ఒక కారణం, చివర ఉపన్యాసాలే మిగలడం ఇంకో కారణం. అక్కడ చేసిచూపే వర్క్‌షాపు పెట్టండి. ప్రతినిధులే పిల్లలుగా కూర్చుని పైన చెప్పిన చర్చ నడపాలి, మర్నాడు తరగతిలో వాడుకునే ఒక పాఠ ప్రణాళికతో ఇంటికి వెళ్లాలి. రైళ్ల వేళలు చూసుకుని నాలుగింబావుకల్లా ముగించండి.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో నైతిక విద్య అంటే మత బోధన అవుతుందేమోనని సందేహం. మా సదస్సులో దీని మీద చర్చ పెట్టవచ్చా? – ప్రధానోపాధ్యాయురాలు, మంగళగిరి

జవాబు: పెట్టవచ్చు, పెట్టాలి కూడా. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధన కూడదు. ఏదైనా ధర్మకర్తృత్వం కింద మత బోధన షరతుతో ఏర్పడి, ప్రభుత్వ పాలనలో ఉన్న సంస్థకు మాత్రం మినహాయింపు ఉంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థల్లో మత బోధనకు, ప్రార్థనకు హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టరాదు. మైనర్లయితే సంరక్షకుల అంగీకారం కావాలి. మతాల గురించి తెలుసుకోవడం వేరు, ఒక మతాన్ని బోధించడం వేరు అని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది.

చర్చా వేదిక మీద ఒకే రకం గొంతు ఉండకుండా చూసుకోండి. మత సంస్థలు నడిపే కళాశాలలు విజయవాడలో ఉన్నాయి. దేవుడి ప్రస్తావన లేకుండా నీతిని నిలబెట్టవచ్చని గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం కూడా పటమటలోనే ఉంది. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ‘పదేళ్ల పిల్లవాడికి అబద్ధం ఎందుకు ఆడకూడదని చెబుతారు?’ అని అడగండి. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, తర్వాత సభలోని ఉపాధ్యాయుల ప్రశ్నలు. అధ్యక్ష స్థానంలో ఏ పక్షమూ కాని వ్యక్తి ఉండాలి.

ప్రశ్న: ప్రాథమిక విధుల మీద పేపరు రాస్తున్నాను. మన జిల్లాల చరిత్రను దీనికి ఎలా కలపాలి? – సోషల్ టీచర్, పొన్నూరు

జవాబు: ముందు వాస్తవాలు సరిచూసుకోండి. ప్రాథమిక విధులు 1950 నాటి రాజ్యాంగంలో లేవు. 1976లో 42వ సవరణతో 51-ఎ అధికరణంగా పది విధులు చేరాయి. 6 నుంచి 14 ఏళ్ల బిడ్డకు చదువు అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి అన్న పదకొండోది 2002లో 86వ సవరణతో వచ్చింది. ‘పది విధులు’ అని రాసిన పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి.

ఇక చరిత్ర. జాతీయోద్యమానికి స్ఫూర్తినిచ్చిన ఆదర్శాలను ఆదరించి అనుసరించాలన్నది ఆ విధుల్లో ఒకటి. దానికి మీ చుట్టూ ఉన్నంత సరుకు ఇంకెక్కడా లేదు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అదే ఏడు చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీని, దాని పన్నులను వద్దని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊళ్లే వదిలి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మరుసటి ఏడు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట పెదనందిపాడు రైతులు పన్ను నిరాకరించారు.

వీటిని వీరగాథలుగా చెప్పి ఆపేస్తే పౌర విద్య కాదు. ‘ఆనాడు పన్ను కట్టకపోవడం త్యాగమైతే, ఈనాడు ఇంటి పన్ను ఎగవేయడం ఏమవుతుంది?’ అని తొమ్మిదో తరగతిని అడగండి. ఆ పాలకులను జనం ఎన్నుకున్నారా, చేసింది బహిరంగంగానా చాటుగానా, శిక్షకు సిద్ధపడే చేశారా, ఇప్పుడు ఫిర్యాదుకు ఏ దారులున్నాయి – ఈ నాలుగు ప్రశ్నలకు గుంపులుగా జవాబులు వెతకమనండి. వాళ్లు రాసిన కాగితాలే మీ పేపరుకు ఆధారం.

ప్రశ్న: స్లైడ్లలో మా పిల్లల ఫొటోలు, వాళ్ల చేతిరాత వాడవచ్చా? – ఎస్జీటీ, సత్తెనపల్లి

జవాబు: తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, ప్రధానోపాధ్యాయుల అనుమతి రెండూ ఉంటేనే. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, ఎక్కడ, దేనికి చూపిస్తారో చెప్పాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. అనుమతి ఉన్నా వెనుక నుంచి తీసిన ఫొటోలే మేలు. చేతిరాత కాగితం మీద పేరు, రోల్ నంబరు, బడి పేరు మూసేయండి. సంరక్షణ గృహాల్లోని పిల్లలు, కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. అక్కడ ఊహించగలిగే వివరం కూడా రాయకూడదు.

ప్రశ్న: సదస్సుకు వెళ్లడానికి ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) ఇస్తారా? – స్కూల్ అసిస్టెంట్, బాపట్ల

జవాబు: ఆహ్వానం, పేపరు ఆమోద పత్రం, కార్యక్రమ పట్టిక జతచేసి ప్రధానోపాధ్యాయుల ద్వారా కనీసం మూడు వారాల ముందు దరఖాస్తు పెట్టండి. అనుమతి ఉత్తర్వు చేతికి వచ్చాకే బయల్దేరండి. నోటిమాటను నమ్ముకోవద్దు. ఉత్తర్వు రాకపోతే సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టుకోండి. తిరిగి వచ్చాక హాజరు పత్రం ఇవ్వడం మరవకండి.

ప్రశ్న: సమర్పించిన పేపరును సంపుటికి ఇస్తే ఇతరుల రాతలతో 22 శాతం పోలిక ఉందని వెనక్కి పంపారు. ఇప్పుడేం చేయాలి? – పరిశోధక విద్యార్థి, నాగార్జున నగర్

జవాబు: 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా మొదటి స్థాయి, 40 నుంచి 60 దాకా రెండోది, ఆ పైన మూడోది. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి ఈ లెక్కలోకి రావు. కాబట్టి నివేదికలో రంగు పడిన చోట్లు ముందు చూడండి. ఈ అంశం మీద ఎక్కువగా దొరికిపోయేవి జాతీయ విద్యా విధానం 2020 నుంచి, కమిషన్ నివేదికల నుంచి ఎత్తిరాసిన పేరాలు. అవి తీసేయండి, విధానం ఏం చెప్పిందో ఒక్క వాక్యంలో మీ మాటల్లో రాసి మూలం ఇవ్వండి. పేజీలు తగ్గాయని బెంగపడక, ఆ చోటు మీ తరగతి వివరాలకు ఇవ్వండి.

ప్రశ్న: నా పేపరును పోస్టరుగా మార్చమన్నారు. తెలుగులో చేయాలంటే కొలతలేమిటి? – బీఈడీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఏ0 సైజు, అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల ఎత్తు. నిలువుగానా అడ్డంగానా అన్నది బోర్డును బట్టి నిర్వాహకులనే అడగండి. శీర్షిక 90 పాయింట్లకు తగ్గకూడదు, ఉపశీర్షికలు 48, మిగతా రాత 30 పైన. తెలుగుకు ఒత్తులు, గుణింతాలు పైకీ కిందికీ సాగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఇవ్వండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లకు తగులుతాయి. మొత్తం 350 మాటలు మించకుండా, మధ్యలో పిల్లల జవాబులు మూడు పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఫ్లెక్సీ వద్దు, దీపాల కింద మెరిసి చదవడానికి రాదు. మందపాటి మ్యాట్ కాగితం మీద ప్రింటు తీయించి, మడతపెట్టకుండా గొట్టంలో చుట్టి తీసుకెళ్లండి. ప్రింటుకు ఇచ్చే ముందు ఏ4 కాగితం మీద ఒక ప్రతి తీసి చేతిలో పట్టుకుని చూడండి. అందులో చదవలేని అక్షరం బోర్డు మీద మీటరున్నర దూరం నుంచి కూడా చదవలేరు.